వాడకపోయినా ఉబ్బిన టూఎస్ లైపో: కారణం ఇదే

రెండు నెలలు ఆర్‌సీ కారు (రిమోట్‌తో నడిపే చిన్న కారు) బయటికి తీయకపోయినా దాని టూఎస్ లైపో ప్యాక్, అంటే రెండు సెల్స్ ఉన్న లిథియం పాలిమర్ బ్యాటరీ, ఉబ్బిందంటే, ఫుల్ ఛార్జ్‌తో పక్కన పెట్టి ఉంటారు. దాన్ని మళ్లీ ఛార్జ్ చేయకండి, గుచ్చకండి. ఈ-వేస్ట్ సెంటర్‌లో ఇచ్చేయండి.

కొత్త ప్యాక్‌కి:

1. చాలామంది వదిలేసేది స్టోరేజ్ ఛార్జ్. రెండు మూడు రోజులు నడపరనుకుంటే ఛార్జర్‌ని స్టోరేజ్ మోడ్‌లో పెట్టి సెల్‌కి 3.8 వోల్టులకు తీసుకురండి, అంటే ప్యాక్ మొత్తం 7.6. సెల్‌కి 4.2 దగ్గర నిండుగా ఉంచితే లోపలి ఎలక్ట్రోలైట్ త్వరగా చెడి గ్యాస్ పుడుతుంది. మన ఎండాకాలం వేడికి ఇంకా తొందరగా. నా మొదటి ప్యాక్ ఇలాగే పోయింది, చాలా బాధేసింది.

2. ఛార్జింగ్ ఎప్పుడూ బ్యాలెన్స్ మోడ్‌లోనే, అంటే రెండు సెల్స్‌నీ సమానంగా నింపే మోడ్. 5000 ఎంఏహెచ్ కెపాసిటీ ప్యాక్‌కి 5 ఆంప్స్ చాలు.

3. ఛార్జ్ పెట్టేది టైల్స్ నేల మీద, మీరు ఎదురుగా ఉన్నప్పుడే. రాత్రి పెట్టి పడుకోవద్దు.