హెడ్‌లైట్ ఫిల్ములో బుడగలు: పీకేస్తే సాక్ష్యమూ పోతుంది

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నాన్నగారు రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో నాకు కారు కొనిపెట్టారు. హెడ్‌లైట్లు గీతలు పడకుండా, పసుపెక్కకుండా ఉంటాయని హైదరాబాద్‌లో ఒక కార్ డెకార్స్ షాపులో 6,500 రూపాయలిచ్చి పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్ము అనే పారదర్శక రక్షణ పొర) వేయించాను. ఇంటికొచ్చి చూస్తే లోపలన్నీ బుడగలే. మూడో రోజే వాట్సాప్‌లో ఫొటోలు పంపితే, ‘నీళ్లే అన్నా, ఎండలో పెట్టండి, పదిహేను రోజుల్లో పోతాయి’ అన్నాడు ఓనరు. పోలేదు. మళ్లీ వెళ్తే షాపు కుర్రాడు సూదితో పొడిచి, బ్లేడుతో అంచు కోసి, స్క్వీజీతో రుద్దాడు. ఇప్పుడు లైటు మీద సన్నని గీత కూడా కనిపిస్తోంది. బావమరిది పెళ్లిలో కారు చూసి అందరూ నవ్వారు. నాన్నగారు కారెక్కడమే మానేశారు. ఫిల్ము వేయించి ఇరవై నెలలైంది. ఓనరు ‘వచ్చే నెల చేసిస్తా’ అంటూనే ఉన్నాడు. జీఎస్టీ మిగులుతుందని బిల్లు తీసుకోలేదు. ఓనరు చెప్పిన నంబరుకు ఫోన్‌పే చేశాను. ఫిల్ము పీకించేసి, చీటింగ్ కేసు పెట్టి, రెండు లక్షల పరిహారం అడుగుదామనుకుంటున్నాను. సలహా ఇవ్వగలరు.

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒక్కటే ఉంది. ‘మూడో రోజే వాట్సాప్‌లో ఫొటోలు పంపితే’ అన్నది. పెళ్లిలో ఎవరు నవ్వారో వినియోగదారుల కమిషన్‌కు అక్కర్లేదు.

ఎందుకంటే, షాపువాడు రేపు వేసే కౌంటరు నాకు ఇప్పుడే కనిపిస్తోంది: ‘మేం బాగానే వేశాం, ఈయన వెంటనే ప్రెషర్ వాష్ చేయించాడు, అంచులు లేచి గాలి దూరింది’ అంటాడు. బుడగలు మొదటి నుంచీ ఉన్నాయా, తర్వాత వచ్చాయా అన్నదే వివాదం. మూడో రోజు ఫొటో, దానికి అతనిచ్చిన జవాబు మీ దగ్గరుంటే ఆ వాదన అక్కడే ఆగిపోతుంది. బుడగలున్నాయని అతనే ఒప్పుకున్నాడు, పోతాయని మాటిచ్చాడు కాబట్టి.

ఆ మాట మొదట్లో అబద్ధం కూడా కాదు. ఈ ఫిల్ము సబ్బునీళ్లు చల్లి తడిమీద వేస్తారు. లోపల మిగిలిన తడి కొద్ది రోజుల నుంచి రెండు మూడు వారాల్లో ఆరిపోతుంది. గాలి, దుమ్ము అలా పోవు. మధ్యలో నల్లటి చుక్క కనబడితే అది దుమ్ము. వంపు దగ్గర ఫిల్మును అతిగా లాగి వేస్తే, అది వెనక్కి ముడుచుకుని అంచులు లేస్తాయి. ఇరవై నెలల తర్వాత కూడా ఉన్న బుడగను నీళ్లని ఎవరూ చెప్పలేరు.

అందుకే ఫిర్యాదులో ‘ఫిల్ము నాసిరకం’ అని రాయకండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. సరుకులో లోపం అన్నారంటే తయారీ కంపెనీని పార్టీగా చేర్చాల్సి వస్తుంది, శాంపిల్ ల్యాబుకు పంపాల్సి రావచ్చు. ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి. మీ ఫిర్యాదు వేసిన పనితనం మీద, అంటే సేవాలోపం మీద. అలా రాస్తే షాపు ఒక్కటే జవాబు చెప్పాలి.

గడువు సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన లోపం, పుట్టిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు దాఖలు కావాలి. ఫిల్ము వేసిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి, ఏ పేచీ ఉండదు. అంటే మీకున్నది నాలుగు నెలలు. ‘వచ్చే నెల చేసిస్తా’ అన్న ప్రతిసారీ గడువు మళ్లీ మొదలవుతుందని మీరు అనుకుంటున్నట్టుంది. అవదు. లీగల్ నోటీసు ఇచ్చినా గడువు పెరగదు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, ‘వాడు తిప్పాడు, నేను తిరిగాను’ అన్నది కారణంగా నిలుస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

ఇక ఫిల్ము పీకించడం. ఇప్పుడు దాన్ని ముట్టుకోవద్దు. హెయిర్ డ్రయ్యర్ పెట్టి వేడిచేయడం, వీడియోలు చూసి మీరే సూదితో పొడవడం అసలే వద్దు. మీ సాక్ష్యం ఆ లైటుకే అతుక్కుని ఉంది. నోటీసు ఇవ్వకుండా పీకారంటే లైటు మీది గీత పీకేటప్పుడు మీరు పెట్టిందే అంటాడు, మీ దగ్గర జవాబుండదు. ఆ గీత ఫిల్ము మీదుందో కింద లెన్సు మీదుందో ఇంకా మీకే తెలియదు. లెన్సు తెగిందని రుజువైతేనే దాని ఖర్చు అడగగలరు.

బిల్లు విషయంలో మాత్రం మందలించక తప్పదు. బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే. కానీ వద్దన్నది మీరైతే ఆ బాణం సగం మీకే తిరుగుతుంది. 6,500 మీద మిగిలిన జీఎస్టీ ఎంతో, ఇప్పుడు పడుతున్న తిప్పలెన్నో మీరే లెక్కేసుకోండి. అయినా దారి మూసుకుపోలేదు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ చాలదు, ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. డబ్బు వెళ్లింది షాపు పేరుకా, ఇంకెవరి ఖాతాకో చూడండి. వేరే ఖాతా అయితే, ఆ నంబరు ఓనరే పంపిన వాట్సాప్ మెసేజి కీలకం. షాపు బోర్డు మీద జీఎస్టీ నంబరుంటే, జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే యజమాని చట్టబద్ధమైన పేరు వస్తుంది. నోటీసు ఆ పేరు మీదే వెళ్లాలి.

వాట్సాప్ చాట్ ఉన్న ఫోను మార్చకండి, రీసెట్ చేయకండి. మొత్తం చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి, ఒరిజినల్ ఫొటోలు విడిగా దాచి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్య చట్టం) 63(4) సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్ జతచేయండి. కమిషన్‌లో విచారణ సివిల్ కోర్టంత పట్టుగా సాగదు, అయినా ఎదుటివాడికి సందు ఎందుకివ్వాలి?

ఈ వారంలోనే పగటి వెలుతురులో పక్కనుంచి, నంబరు ప్లేటు కూడా కనబడేలా వీడియో తీయండి. డెలివరీ రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి: పదిహేను రోజుల్లో డబ్బు వాపసివ్వాలి, లేదా ఫలానా తేదీన ఫలానా షాపులో ఫిల్ము తీయిస్తున్నాను, వచ్చి చూసుకోవచ్చు. రాకపోతే ఆ తేదీనే వేరే ఇన్‌స్టాలర్‌తో వీడియో ముందు తీయించండి. కింద దుమ్ము, బ్లేడు గాటు ఏమున్నా ఆ ఇన్‌స్టాలర్‌తో రాయించి సంతకం తీసుకోండి, తర్వాత అఫిడవిట్ కూడా ఇస్తాడా ముందే అడగండి. తీసిన ఫిల్ము కవరులో దాచండి.

ఆపై ఫిర్యాదు. దీనికి హైదరాబాద్ తిరగక్కర్లేదు, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చని 34వ సెక్షన్ చెబుతోంది. చెల్లించిన సొమ్ము 5 లక్షలలోపు కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. ఈలోపు 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తే ఒక్కోసారి అక్కడే తేలిపోతుంది, కానీ దాన్ని నమ్ముకుని గడువు జారవిడుచుకోవద్దు. 6,500, లెన్సు తెగితే దాని ఖర్చు, కొంత పరిహారం, కేసు ఖర్చులు అడగండి. రెండు లక్షలంటే కేసే పలచనవుతుంది. చీటింగ్‌కు మొదటి నుంచీ మోసపు ఉద్దేశం ఉండాలి, పని చెడగొట్టడం చీటింగ్ కాదు. పోలీసు స్టేషను వైపు వెళ్లకండి.

ఒకటి మీరు రాయలేదు: ఫిల్ము రంగు. పారదర్శకమనే అనుకుంటున్నాను. వెలుగు తగ్గించే పొగరంగుదైతే ముందు చలానా పడేది మీకే.

నోటీసు అందగానే ఓనరు రాజీకొచ్చి డబ్బు పంపుతానంటే తీసుకోండి. అయితే ఫిల్ము తీసి లెన్సు చూసుకున్నాకే ‘పూర్తి పరిష్కారం’ అన్న కాగితం మీద సంతకం పెట్టండి.