రెండో ఉద్యోగం మానేయాలా? ముందు చీటీ పాట పాడండి

ప్రశ్న: నా వయసు 34. కూకట్‌పల్లిలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంట్‌ని. జీతం చేతికి 36,000 వస్తుంది. రెండేళ్లుగా సాయంత్రం ఏడు నుంచి రాత్రి పదకొండున్నర దాకా ఫుడ్ డెలివరీ చేస్తున్నాను. దాని మీద నెలకు 14,000 వస్తోంది. ఇప్పుడు నడుంనొప్పి పట్టుకుంది. పిల్లలిద్దరూ నిద్రపోయాకే ఇంటికి చేరుతున్నాను. పర్సనల్ లోన్ బాకీ 1.6 లక్షలు, క్రెడిట్ కార్డు 62,000, యాప్ లోన్ 15,000 ఉన్నాయి. బ్యాంకు వాళ్లు 3 లక్షల టాపప్ లోన్ ఇస్తామంటున్నారు. దాంతో అప్పులన్నీ కట్టేసి, మిగిలిన 63,000 ఆప్షన్స్ ట్రేడింగ్‌లో పెట్టి డెలివరీ మానేద్దామనుకుంటున్నాను. సరైనదేనా?

జవాబు: మానేయండి. అయితే ఈ నెలలో వద్దు. ఆ టాపప్‌తో అసలే వద్దు.

మీ ఉత్తరం ఎంచుకోవడానికి కారణం మీరు జత చేసిన ఖర్చుల పట్టిక. డెలివరీ మొదలుపెట్టాక ఐదు నెలలకు బైక్ ఈఎంఐ, ఆ తర్వాత ఎనిమిది నెలలకు లక్ష రూపాయల చీటీ వచ్చి చేరాయి. రెండో ఆదాయం రాగానే దాని మీద వాయిదాలు పెట్టుకోవడం చాలామంది చేసే పొరపాటే. ఆ డబ్బుతో ముందు అత్యవసర నిధి ఏర్పడాలి. అది లేకపోబట్టే బాబుకు డెంగీ వచ్చినప్పుడు మీరు లోన్ యాప్ తెరవాల్సి వచ్చింది. 15,000 అప్పు అని రాశారు గానీ, ఫీజులు పట్టుకుని మీ ఖాతాలో వేసింది 12,900. నెలన్నర వాడకానికి 2,100 ఇచ్చుకున్నారన్నమాట. ఆ రోజు బ్యాంకులో 20,000 ఉండి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

డెలివరీ మీద 14,000 వస్తున్నాయనడం కూడా పూర్తి నిజం కాదు. పెట్రోలుకు 3,200, సర్వీసింగ్, టైర్లు, చెయిన్ కలిపి నెలకు సగటున 800 అని మీరే రాశారు. నికరంగా మిగిలేది 10,000. జీతంతో కలిపితే 46,000. ఇక ఖర్చులు: అద్దె 11,000, ఇంటి ఖర్చు 12,500, స్కూలు ఫీజు 4,000, బైక్ 3,400, పర్సనల్ లోన్ 7,800, చీటీ 5,000, కార్డు మినిమం డ్యూ (నెలకు కనీసం కట్టాల్సిన మొత్తం) 3,100. మొత్తం 46,800. నడుం విరిగేలా తిరిగినా నెలకు 800 లోటే.

ఆ మినిమం డ్యూ సంగతీ చూడండి. నెలకు మూడున్నర శాతం లెక్కన 62,000 మీద వడ్డీ 2,170, దాని మీద జీఎస్టీ 390. మీరు కట్టే 3,100లో అసలుకు జమయ్యేది 540 మాత్రమే. అకౌంటెంటు అయి ఉండి దీన్ని ఇన్నాళ్లు ఎలా సాగనిచ్చారో నాకు అర్థం కాలేదు.

ఇక టాపప్. 16 శాతానికి ఐదేళ్లంటే ఈఎంఐ 7,300 పడుతుంది. ఇప్పటి లోన్ ఇంకో రెండేళ్లలో తీరిపోతుంది. దాన్ని ఐదేళ్లకు లాగుతున్నారు. డెలివరీ మానేసిన మొదటి నెల నుంచే 7,200 లోటు పడుతుంది. దాన్ని పూడ్చగలిగిన 63,000 ఆప్షన్స్‌లో ఉంటుంది. 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో లెక్క తేల్చింది. అప్పు తెచ్చి అందులో పెడతానంటే సలహా చెప్పడానికి ఏమీ ఉండదు.

మీ దగ్గర ఉన్న అసలైన దారి చీటీ. ఇరవై నెలల్లో పదకొండు కట్టారు, ఇంకా పాడలేదు, పైగా రిజిస్టర్డ్ కంపెనీ. ఈ నెలే పాడండి. పాటలో 13,000 వదులుకున్నా 87,000 చేతికొస్తుంది. చివరిదాకా ఆగితే ఎక్కువ వస్తుందని మీ ఆవిడ అంటున్నారని రాశారు. నిజమే, కానీ ఆగే తొమ్మిది నెలల్లో కార్డుకే సుమారు 23,000 సమర్పించుకుంటారు. జామీనుదార్లను మాత్రం పాటకు ముందే మాట్లాడి పెట్టుకోండి. డబ్బు రాగానే కార్డు, యాప్ రెండూ అదే రోజు మూసేయండి. మిగిలే 10,000, ఇప్పుడు బ్యాంకులో ఉన్న 9,000 కలిపి వేరే బ్యాంకులో వేయండి. ఆ ఖాతాకు యూపీఐ లింక్ చేయకండి. మీ అత్యవసర నిధి అక్కడ మొదలవుతుంది.

కార్డు పోయాక నెల ఖర్చు 43,700కు దిగుతుంది. రాత్రి పదిన్నర తర్వాత ఆర్డర్లు తీసుకోవడం ఇవాళే ఆపండి. ఒకసారి బైక్ మీదే కునుకు పట్టిందని రాశారు, అది నడుంనొప్పి కంటే పెద్ద సమస్య. దీనివల్ల ఓ 1,500 తగ్గినా నెలకు 800 మిగులుతుంది. ఐదు నెలల్లో బైక్ ఈఎంఐ అయిపోతుంది, మిగులు 4,200 అవుతుంది. తొమ్మిదో నెలకు చీటీ వాయిదాలూ పూర్తవుతాయి. అప్పటికి నిధి దాదాపు 40,000కు చేరుతుంది. ఇంటి ఖర్చంతా 35,300, అంటే జీతంలోనే ఇమిడిపోతుంది. వారంలో ఐదు రాత్రుల డెలివరీ అప్పుడు మానేయండి.

శని, ఆదివారాల పని మాత్రం వెంటనే వదలకండి. నా లెక్కలో మీకు మూడు నెలల ఖర్చు, అంటే 1,05,900 పక్కన ఉండాలి. 40,000 అంటే నెల ఖర్చు కంటే కాస్త ఎక్కువ, అంతే. పోయిన ఏడాది మీ ఆఫీసులో ఇద్దరిని తీసేశారని మీరే చెప్పారు. అలాంటి చోట ఉద్యోగం చేస్తూ ఒక నెల నిధితో రెండో ఆదాయం పూర్తిగా ఆపేయడం నాకు నచ్చదు. లక్ష దాటేదాకా అందులోంచి ఒక్క రూపాయి తీయకండి. పండక్కి కాదు, పెళ్లికి కాదు, ఫోన్‌కైతే అసలే కాదు.

బైక్ ఎక్కకుండా చిన్న షాపులకు జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టే పని దొరికితే ఇంకా మేలు. నెలవారీ రిటర్నుల గడువులైన 11, 20 తేదీల ముందు నాలుగు రాత్రులు కూర్చుంటే సరిపోతుంది.

ఆఫీసు వాళ్ల 3 లక్షల హెల్త్ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది, సొంతంగా ఒకటి ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్, టర్మ్ పాలసీల మీద జీఎస్టీ లేదు. బైక్ ఈఎంఐ అయిపోయిన నెలలోనే తీసుకోండి. ఈలోపు ఏడాదికి 20, 436 రూపాయల ప్రధానమంత్రి బీమా పథకాలు మీ ఖాతాలో కట్ అవుతున్నాయో లేదో పాస్‌బుక్‌లో చూడండి. సొంత వాడకానికని తీసుకున్న బైక్ పాలసీతో డెలివరీ చేస్తున్నారు, ప్రమాదం జరిగితే క్లెయిమ్‌లో పేచీ పెట్టొచ్చు. రేపే బీమా కంపెనీకి ఫోన్ చేసి ఆ విషయం తేల్చుకోండి.