పైథాన్‌లో ‘లిస్ట్’ అని వేరియబుల్‌కి పేరు పెడితే ఏమవుతుంది? లింటర్ (కోడ్‌ని రన్ చేయకుండానే తప్పులు వెతికే టూల్) ఎలా పట్టుకుంటుంది?

మీరు రుషికొండ, యారాడ, భీమిలి బీచ్‌ల పేర్లను ‘లిస్ట్’ అనే వేరియబుల్‌లో పెట్టారు. పైథాన్ దానికి అడ్డు చెప్పదు, ఎందుకంటే ‘ఇఫ్’, ‘క్లాస్’ లాగా అది రిజర్వ్ చేసిన పదం కాదు. పేరు కోసం వెతికేటప్పుడు పైథాన్ ముందు ఫంక్షన్ లోపల, తర్వాత ఫైల్‌లో, అన్నిటికంటే చివర బిల్టిన్స్‌లో, అంటే పైథాన్‌తోనే వచ్చే రెడీమేడ్ పేర్లలో చూస్తుంది. అసలు ‘లిస్ట్’ ఉండేది అక్కడే. మీ వేరియబుల్ ముందే దొరికేసింది. అందుకే కింద ఎక్కడో లిస్ట్(రేంజ్(5)) అని పిలిస్తే ‘నాట్ కాలబుల్’ అని టైప్ ఎర్రర్ వచ్చింది. అసలు తప్పు ఒకచోట, ఎర్రర్ ఇంకోచోట. టెన్షన్ అంతా అక్కడే.

పైలింట్ అనే లింటర్ వాడితే ‘రీడిఫైన్డ్ బిల్టిన్’ అని తనంతట తనే హెచ్చరిస్తుంది. రఫ్ అనే ఇంకో లింటర్‌లో మాత్రం బిల్టిన్స్ కోసం ఉన్న ‘ఏ’ గ్రూప్ రూల్స్‌ని సెట్టింగ్స్‌లో మీరే ఆన్ చేయాలి. తప్పకుండా చేయండి. ‘ఐడీ’, ‘ఇన్‌పుట్’, ‘సమ్’, ‘టైప్’ లాంటి పేర్లు చేతికి ఇట్టే వచ్చేస్తాయి.

హెచ్చరిక వస్తే దాన్ని అణచకుండా పేరే మార్చండి: ‘బీచెస్’ అంటే చదివేవాళ్లకీ అర్థమవుతుంది. జూపిటర్ నోట్‌బుక్‌లో అయితే పేరు మార్చినా పాతది మెమరీలోనే ఉంటుంది. ‘డెల్ లిస్ట్’ రన్ చేయండి, లేదా కెర్నల్‌ని (వెనక కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేయండి.