మాంసపు కోళ్లను ఇంట్లోనే పొదిగించాలనుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, సోంపేట నుంచి మామయ్య ఆశీస్సులు.

చీపురుపల్లి సంతలో ఐదు బ్రాయిలర్ పెట్టలనూ ఒక పుంజునూ కొన్నావనీ, ఇకపై పిల్లలను కొనకుండా వాటి గుడ్లనే పొదిగించుకుంటావనీ నీవు రాసిన ఉత్తరం అందింది. ఆ ఆరింటినీ వచ్చే ఆదివారాల్లో కూర వండుకోమన్నదే నా మొదటి సలహా. కోపగించుకోకుండా కారణం విను.

బ్రాయిలర్ అనేది ఒక జాతి కాదు. కండ బాగా పట్టే కార్నిష్ వంటి జాతుల నుంచి తండ్రి వైపు వంశాన్నీ, గుడ్లు బాగా పెట్టే ప్లిమత్ రాక్ వంటి జాతుల నుంచి తల్లి వైపు వంశాన్నీ వేరువేరుగా పెంచి, చివరి మెట్టులో కలిపితే వచ్చే పిల్ల అది. ఆరు వారాల్లో రెండు కిలోలు తూగే గుణం ఆ కలయికలో ఉంది కాబట్టి, అలాంటి పిల్లలనే ఒకదానితో ఒకటి దాటిస్తే తర్వాతి తరం చెదిరిపోయి, ఒకటి తాతలా, ఒకటి అమ్మమ్మలా, ఒకటి ఎవరిలాగానూ కాకుండా పెరుగుతుంది. పైగా ఆ కోడికి కడుపు నిండా మేత పెడితే గుడ్డుకు వచ్చే లోపే కొవ్వు పట్టి కాళ్లు పడిపోతాయి. పెద్ద ఫారాల్లో తల్లి కోళ్లకు మేత కొలిచి, కడుపు మాడ్చి పెంచేది అందుకే. నేనూ ఒకసారి నాలుగు పెట్టలను ఉంచుకున్నాను. మే నెల ఎండకు రెండు చనిపోయాయి, మిగిలిన వాటి గుడ్లలో సగానికి పైగా వట్టివే అయ్యాయి.

అయితే తల్లి వంశాన్నీ తండ్రి వంశాన్నీ వేరుగా ఉంచి కలిపే ఆ ఫారాల పద్ధతిని మన పెరట్లో చిన్నగా చేయవచ్చు. గుడ్లు పెట్టేదాన్ని తల్లిగా, కండ ఉన్నదాన్ని తండ్రిగా పెట్టుకోవాలి. తల్లులుగా హైదరాబాదులోని రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా పెట్టలను తీసుకో. అవి నాటు పెట్ట కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి, బయట తిరిగి మేస్తాయి. తండ్రిగా మంచి అసీల్ పుంజు, అంటే పందెం కోళ్ల జాతి పుంజు ఉండాలి. పందేల వాళ్లు డేగ, నెమలి అని రంగు పేరు చెప్పి ధర పెంచే పుంజు నీకు అక్కరలేదు, వెడల్పాటి రొమ్ము, వంకర లేని కాళ్లు చూసుకో. ఎనిమిది పెట్టలకు ఒక పుంజు చాలు. వనరాజా కూడా సంకరమే గనుక పిల్లల్లో కొంత తేడా ఉంటుంది, కానీ గట్టి మాంసం, నాటు రూపు రావడం వల్ల ధర పలుకుతుంది. ఆ పిల్లల్లో ఎంత ముద్దొచ్చే పెట్ట ఉన్నా దాన్ని తల్లిగా ఉంచుకోకు. ప్రతిసారీ పాత తల్లుల దగ్గరికే వెళ్లాలి.

చాలామంది తప్పు చేసే చోటు ఒకటుంది. పెట్ట కడుపులో పుంజు బీజం రెండు మూడు వారాల వరకు బతికి ఉంటుంది కనుక, పాత పుంజును తీసేసి కొత్తదాన్ని వదిలాక మూడు వారాల గుడ్లను కూరకు వాడుకుని, ఆ తర్వాతి గుడ్లనే పొదుగుకు ఎంచుకో.

గుడ్డు మధ్యస్థంగా, పగులు లేకుండా ఉండాలి. కడగకు, మట్టి ఉంటే పొడి గుడ్డతో తుడువు. వెడల్పు వైపు పైకి ఉండేలా, తడి ఇసుక పోసిన కుండలో గోనె పరిచి నీడన పెడితే వారం వరకు నిలుస్తుంది. ఫ్రిజ్ వద్దు.

వనరాజా పెట్టలు సాధారణంగా పొదుగుకు కూర్చోవు, కాబట్టి రెండు మూడు నాటు పెట్టలను తప్పనిసరిగా ఉంచుకో. మా అమ్మ ఉరుములకు గుడ్లు మురగకుండా గంపలో ఇనుప ముక్క, ఎండుమిరపకాయ వేసేది. నేను నమ్మను గానీ తీసేయనూ లేదు. ఒక్కో పెట్టకు పది పన్నెండు గుడ్లకు మించి పెట్టకు.

ఇంక్యుబేటర్, అంటే గుడ్లు పొదిగే యంత్రం కొంటే ఉష్ణోగ్రత 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలవాలి. దానితో వచ్చిన థర్మామీటరును జ్వరం చూసే థర్మామీటరుతో సరిచూసుకో. పద్దెనిమిదో రోజు వరకు రోజుకు నాలుగైదు సార్లు గుడ్లు తిప్పు, ఆ తర్వాత తిప్పకు, మూత తెరవకు. ఏడో రోజు రాత్రి ఫోన్ వెలుగులో చూస్తే ఎర్రటి నరాలు కనిపించనివి వట్టి గుడ్లు. తేమ 55 నుంచి 60 శాతమని పుస్తకాల్లో ఉంటుంది, కానీ మన వానాకాలపు గాలిలో యంత్రంలోని తొట్టి నిండా నీళ్లు పోస్తే పిల్ల లోపలే ఉక్కిరిబిక్కిరవుతుంది. అందుకని గుడ్డులోని నీరు తగినంత ఆరుతోందో లేదో తెలియడానికి పది గుడ్లను తూచి పెట్టు: మొదట 550 గ్రాములున్నవి పద్దెనిమిదో రోజుకు 480 నుంచి 490 గ్రాములకు తగ్గితే సరిపోయినట్టు. చివరి మూడు రోజులు మాత్రం తేమ పెంచాలి.

11 అక్టోబరు 2018న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నా యంత్రంలో పద్నాలుగో రోజు గుడ్లు అరవై ఉన్నాయి. కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి, రోజుల తరబడి విద్యుత్తు రాలేదు. పొదుగులో ఉన్న రెండు పెట్టల కింద పట్టినన్ని దూర్చాను, పదిహేడు పిల్లలు లేచాయి, మిగిలినవన్నీ గోతిలో కప్పెట్టాను. నాటు పెట్టలు తప్పనిసరి అన్నది అందుకే.

పిల్లలు పుట్టాక రెండు రోజులు కడుపులోని పచ్చసొనతో బతకగలవు, తొందరపడి బయటకు లాగకు. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చదనం ఇచ్చి, వారానికి ఐదు డిగ్రీలు తగ్గించు. బల్బు కింద గుంపుగా చేరితే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి. కొక్కెర తెగులుకు వారం లోపు లాసోటా అనే టీకా చుక్కలు, పద్నాలుగో రోజు గంబోరో అనే మరో తెగులుకు టీకా వేయించు, నాలుగో వారం లాసోటా మళ్లీ, ఎనిమిదో వారం కొక్కెరకే ఆర్‌టుబి అనే టీకా సూది తప్పవు. గరివిడి పశువైద్య కళాశాల మీకు దగ్గరే, సందేహం వస్తే అక్కడ అడుగు.

కనుమకు అమ్మాలంటే ఆగస్టు చివర గుడ్లు పెట్టాలి. సెప్టెంబరులో లేచిన పిల్లలు పండుగకు నాలుగు నెలలవుతాయి. ఆ రోజుల్లో నీ తండ్రి పుంజుకు కూడా బేరం వస్తుంది, ఇవ్వకు. పొదుగు అలవాటున్న నాటు పెట్టలు నా దగ్గర నాలుగున్నాయి. వచ్చేటప్పుడు గంప తెచ్చుకుంటే రెండు ఇస్తాను.

మీ మామయ్య