పాత ఫొటోలు, పాత సామాన్లు: తుడవకముందే రాసుకోవలసినవి

పాత పెట్టెలో దొరికిన ఫొటోలు, పనిముట్లు, తూనికరాళ్ళు, రసీదు పుస్తకాలు ప్రాంత చరిత్రకు పనికొచ్చేలా ఎలా దాచాలని అడిగారు. చాలామంది వెంటనే తుడవడం మొదలుపెడతారు. ఆ పని ఇప్పుడే వద్దు. ముందు పెట్టెను ఉన్నది ఉన్నట్టు పైనుంచి ఫొటో తీయండి. ఏ కవరులో ఏమున్నాయో, ఏది దేని పక్కన ఉందో అదీ సమాచారమే. పేరులేని ఫొటో ఒకటి పేరున్న ఫొటోతో కలిసి ఒకే కవరులో ఉంటే గుర్తుపట్టే దారి ఉంటుంది. విడదీసి సైజుల ప్రకారం సర్దితే ఆ దారి మూసుకుపోతుంది.

తర్వాత నంబర్లు వేయండి. మ్యూజియంల పద్ధతి సులువైనదే: 2025.3.14 అంటే 2025లో మూడో విడతగా వచ్చిన సామానులో పద్నాలుగోది. ఫొటో అయితే గట్టి నున్నటి బల్ల మీద బోర్లా పెట్టి, వెనక అంచున 2బి పెన్సిల్‌తో నొక్కకుండా రాయాలి. బాల్‌పెన్‌తో రాస్తే గీత ముందువైపు ఉబ్బుతుంది. 1970ల నుంచి బాగా వాడుకలోకి వచ్చిన ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిల్ సరిగా పడదు కాబట్టి కవరు మీద రాసి, ఆ తర్వాత ఫొటో అందులో పెట్టండి. లోహం, గాజు వస్తువులకు పారలాయిడ్ బి-72 అనే పారదర్శక యాక్రిలిక్ పూతను పలుచగా పూసి, ఆరాక దాని మీద ఇంకుతో నంబరు వేసి, పైన మరో పూత వేస్తారు. అవసరమైతే అసిటోన్ అనే ద్రావకంతో తీసేయొచ్చు. ప్లాస్టిక్ వస్తువు మీద మాత్రం ఇది వద్దు, అసిటోన్ ప్లాస్టిక్‌నే కరిగించగలదు. నూలు దారంతో చీటీ కడితే చాలు.

కాలం తేల్చడం ఈ పనిలో ఆసక్తికరమైన భాగం, తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. అయస్కాంతానికి అంటుకునే ఫొటో ఇనుప రేకు మీద తీసిన టిన్‌టైప్, 1856 తర్వాతిది. మందపాటి అట్టకు అతికించిన పలుచటి కాగితం, ఎర్రటి గోధుమ రంగు, పసుపెక్కిన తెలుపు కనిపిస్తే ఎక్కువగా గుడ్డుసొన పూతతో చేసిన ఆల్బుమెన్ ప్రింటు. అవి 1850ల నుంచి 1890ల దాకా విరివిగా నడిచాయి. అట్ట సుమారు 64×100 మిల్లీమీటర్లుంటే కార్ట్-ద-విజిట్ అనే విజిటింగ్ కార్డు సైజు ఫొటో, 108×165 ఉంటే అంతకంటే పెద్దదైన కేబినెట్ కార్డు. పక్కకు వంచి చూసినప్పుడు నల్లటి భాగాల్లో అద్దంలా వెండి మెరుపు తేలితే, జెలటిన్ పొరలోని వెండితో బొమ్మ ఏర్పడే జెలటిన్ సిల్వర్ ప్రింటు అనుకోవచ్చు. భూతద్దంలో వరస చుక్కలు కనబడితే అది అసలు ఫొటోనే కాదు, అచ్చుయంత్రం మీద వేసిన బొమ్మ.

ఇవన్నీ చెప్పేది కాగితం వయసు. దృశ్యం వయసు వేరు కావచ్చు. పాత ఫొటోను తర్వాత ఎప్పుడో మళ్ళీ ఫొటో తీసి ప్రింటు వేయించుకోవడం మామూలే. అందుకే "1920" అని తేల్చి రాయకుండా "1915కి ముందు కాదు, ఫలానా కారణం చేత" అని రాయండి. ఆ కారణం తరచుగా ఫొటోలో మనుషుల వెనక కనిపించే దృశ్యంలోనే దొరుకుతుంది: కరెంటు స్తంభం, బోర్డు మీది అక్షరాలు, బండి చక్రం, సగం కట్టిన గోడ. ప్రాంత చరిత్రకు ముందు నిలబడ్డ మనుషుల కంటే ఈ వెనక సంగతులే ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం. కాబట్టి స్కాన్ చేసేటప్పుడు అంచులు కత్తిరించొద్దు. ప్రింటుకు 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు), చేతి గడియారమంత చిన్నదైతే 1200. నలుపుతెలుపు ఫొటోనైనా కలర్‌లోనే, నాణ్యత తగ్గకుండా దాచే టిఫ్ ఫైలుగా, వెనకవైపు కూడా చేయండి. మెరుగులు దిద్దాలంటే నకలు మీద దిద్దుకోండి.

పెద్దల్ని అడిగేటప్పుడు "ఇది ఫలానా వీధే కదా?" అనొద్దు. అవునంటారు, అంతే. "ఎడమ చివర ఏముంది?" అని అడిగి ఊరుకోండి. ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు అనేది తప్పక రాయండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచండి.

వస్తువుల్లో చరిత్రంతా అరుగుదలలోనూ అతుకుల్లోనూ ఉంటుంది. ఇత్తడిని తళతళలాడేలా తోమితే పైపొర పోతుంది, దానితోపాటు లోతు తక్కువ ముద్రలూ చెరిగిపోతాయి. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి, చాలు. కొలతలు, బరువు, ముద్రలు, పిడి ఎటువైపు అరిగింది, దేంతో బాగుచేశారు అన్నీ రాసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. చెక్క కింద కొత్త పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉంది, వేరుగా పెట్టండి.

దాచే సంగతికొస్తే, జిగురు పేజీల ఆల్బమ్‌లు, పీవీసీ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, న్యూస్‌పేపరు ఏవీ పనికిరావు. రబ్బరులోని గంధకం వెండి పొరను మాడ్చేస్తుంది. ఆమ్లం లేని కాగితం లేదా పాలిస్టర్ కవర్లు వాడండి. గాలిలో తేమ 30–50 శాతం మధ్య ఉండాలి, 65 దాటితే బూజు పడుతుంది. అద్దానికి అంటుకుపోయిన ఫొటోను లాగొద్దు, అద్దంతో సహా స్కాన్ చేయండి. వెనిగర్ వాసన కొట్టే నెగటివ్‌లు పక్కవాటినీ పాడుచేస్తాయి, వేరు చేసి ముందు వాటినే స్కాన్ చేయండి. 1950ల ఆరంభానికి ముందువి, అంచున "సేఫ్టీ" అని లేనివి, జిగటగా మారినవి అయితే తేలిగ్గా మండే నైట్రేట్ ఫిల్మ్ కావచ్చు. అంటుకుంటే ఆర్పడం దాదాపు అసాధ్యం. వాటిని స్కానర్‌లో పెట్టకుండా, వేడికి దూరంగా ఉంచి, ఫిల్మ్ భద్రపరిచే సంస్థవాళ్ళకు చెప్పండి.