ఆంప్లిఫయర్ వల్ల స్పీకరు కాలితే షాపును అడగొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. 2024 జనవరిలో నాన్నగారి షష్టిపూర్తికి హోమ్ థియేటర్ పెట్టించాను. హైదరాబాదు షాపులో రూ.1,40,000 పెట్టి పవర్ ఆంప్లిఫయర్ కొన్నాను. స్పీకర్లు 4 ఓమ్స్‌వి. వాటి మోడల్ వాట్సాప్‌లో పంపితే ‘ఇది సరిపోతుంది’ అని షాపాయన మెసేజ్ పెట్టాడు. 2024 మే 18న బంధువులంతా సినిమా చూస్తుండగా ఎడమ స్పీకరు కాలిపోయింది. తల కొట్టేసినట్టయింది. సౌండు ఎక్కువ పెట్టారు కాబట్టి వారంటీ లేదంటున్నాడు షాపాయన. లాయరు నోటీసుకు జవాబు లేదు. మా వీధి మెకానిక్ విప్పి చూసి లెటరు రాసిస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: బంధువుల సంగతి వినియోగదారుల కమిషన్‌కు అక్కర్లేదు. ఆంప్లిఫయర్ వెనక, స్పీకరు వైర్లు బిగించే చోట ఎన్ని ఓమ్స్ అని ముద్రించి ఉంది? (ఓమ్స్ అంటే కరెంటును అడ్డుకునే నిరోధం కొలత; స్పీకరుకు ఆ అంకె తగ్గేకొద్దీ ఆంప్లిఫయర్ మీద భారం పెరుగుతుంది.) కేసంతా ఆ అంకె మీదే ఉంది, మీరు రాయనిదీ అదే. ‘4–8 ఓమ్స్’ అని ఉంటే మీ స్పీకర్లను అది మోయాల్సిందే, షాపాయన సాకు చాలావరకు నీరుగారిపోతుంది. ‘కనీసం 8’ అని ఉంటే, వస్తువును తప్పుగా వాడారంటూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్ చూపిస్తాడు. అప్పుడు మీకు ఆధారం షాపాయన రాసిన ఆ వాట్సాప్ మెసేజ్ ఒక్కటే. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకండి, ఆ ఫోను మార్చకండి, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63(4) కింద ఇచ్చే సర్టిఫికెట్ జత చేయండి. కమిషన్‌లో పట్టింపు కోర్టంత ఉండదు గానీ అవతలి లాయరుకు సందు ఎందుకివ్వాలి?

కాలింది ట్వీటరా (సన్నని శబ్దాలిచ్చే చిన్న భాగం), వూఫరా (బేస్ శబ్దాలిచ్చే పెద్ద భాగం)? సౌండు హద్దు మీరితే ఆంప్లిఫయర్ క్లిప్ అయి, అంటే తన శక్తికి మించి శబ్దం తెగిపోయి, సాధారణంగా ముందు ట్వీటర్ పోతుంది. అది ఆయన వాదనకే బలం. ఆంప్లిఫయర్ లోపలి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయి స్పీకరులోకి డీసీ కరెంటు వదిలితే వూఫర్ కాయిల్ మాడుతుంది, కోన్ (కదిలే గరాటు భాగం) ముందుకో వెనక్కో బిగుసుకుపోతుంది. అలా ఉంటే వేళ్లు చూపాల్సింది ఆంప్లిఫయర్ వైపే.

మెకానిక్ చేత మాత్రం ఒక్క స్క్రూ కూడా విప్పించొద్దు. సీలు తెగిన మరుక్షణం ‘లోపల పార్టు మార్చారు’ అంటారు, దానికి మీ దగ్గర జవాబుండదు. ఆ లెటరు విలువ చిత్తుకాగితం. స్విచ్ కూడా వేయకండి. సీలు, సీరియల్ నంబరు, వైర్లు బిగించి ఉన్న తీరు వీడియో తీసి పెట్టె మూసేయండి. అదే చట్టం 38వ సెక్షన్ కింద ల్యాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌నే అడగండి. ఫీజు ముందు మీరే కట్టాలి.

ఇక కమిషన్‌లో ఫిర్యాదు వేసే గడువు. నోటీసు ఇచ్చి కూర్చుంటే గడువు ఆగుతుందని ఎవరు చెప్పారు? 69వ సెక్షన్ ప్రకారం కారణం పుట్టిన నాటి నుంచి, అంటే స్పీకరు కాలిన రోజు నుంచి, రెండేళ్లు, అంటే 2026 మే 18. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసినా ఆ తేదీ మారదు. దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపి మాఫీ అడుక్కోవాలి, ‘షాపాయన రేపు రమ్మన్నాడు’ అన్నది గట్టి కారణం కాదు.

షాపు హైదరాబాదుదైనా మీరుండే గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. వినియోగదారుల కేసులు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. షాపునూ, తయారీదారునూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. దిగుమతి సరుకైతే దిగుమతిదారును కూడా. ఆంప్లిఫయర్ ధర లోపం కింద అడగండి. స్పీకరు ధర మాత్రం ఉత్పత్తి బాధ్యత కింద విడిగా రాయాలి, ఎందుకంటే చట్టం ఆ పద్దులో లోపమున్న వస్తువును కాక, దానివల్ల పాడైన వేరే ఆస్తినే లెక్కిస్తుంది. స్పీకరు బిల్లు కూడా జత చేయండి.