కోపం, చిరాకు, విసుగు: తేడా ఎక్కడ?

ప్రశ్న: నిఘంటువు తెరిస్తే కోపం, చిరాకు, విసుగు ఒకదానికొకటి అర్థాలుగా కనిపిస్తున్నాయి. మా ఇంట్లో మాత్రం ‘నాకు కోపం లేదు, చిరాకుగా ఉందంతే’ అనే మాట తరచు వినిపిస్తుంది. వీటి మధ్య నిజంగా తేడా ఉందా? అయినదానికీ కానిదానికీ కసురుకునే స్వభావం గలవారిని ఏమనాలి? ఆగ్రహం, రోషం, ఉక్రోషం కూడా కోపానికి పర్యాయపదాలేనా?

జవాబు: తేడా ఉంది. అది అర్థాల పట్టికలో కంటే ఆ మాటలు వాక్యంలో ఇమిడే తీరులో స్పష్టంగా కనిపిస్తుంది. కోపం సాధారణంగా ఒకరి మీద వస్తుంది. అందుకే కోపంగా ఉన్నానని ఎవరైనా అంటే ‘ఎవరి మీద?’ అని వెంటనే అడుగుతాం. చిరాకుగా ఉందన్నవారిని అలా అడగం. ‘ఏమైంది, ఒంట్లో బాగాలేదా?’ అంటాం. నిద్ర చాలకపోయినా, ఆకలి వేసినా, ఉక్కపోసినా, ఎడతెగని చప్పుడు చెవిన పడుతున్నా చిరాకు పుడుతుంది, దానికి దోషి అంటూ ఒకరు ఉండనక్కర్లేదు. ‘పిల్లల మీద చిరాకు పడ్డాడు’ అన్నప్పుడు సైతం పిల్లలు తప్పు చేశారన్న సూచన ఆ వాక్యంలో లేదు. అంతకుముందే లోపల ఉన్నదేదో వాళ్ళ మీదికి మళ్ళిందన్న సూచన మాత్రమే ఉంది. కాబట్టి మీ ఇంట్లో వినిపించే మాటను తప్పించుకోవడానికి చెప్పే సాకుగా తీసుకోకండి. ‘తప్పు నీది కాదు’ అని చెప్పడానికి తెలుగులో ఉన్న మర్యాదైన మార్గాల్లో అది ఒకటి.

విసుగుకు కొంత కాలం గడవాలి. ఒకే పనిని, ఒకే మాటను మళ్ళీ మళ్ళీ భరించిన తరువాత వచ్చేది విసుగు; ‘చెప్పి చెప్పి విసుగొచ్చింది’ అని క్రియను రెండుసార్లు పలకడంలోనే ఆ సంగతి ఉంది. మొదటిసారి అడిగిన ప్రశ్నకు చిరాకు పడవచ్చు గాని, విసుగు చెందడం కుదరదు. చికాకు మరో మాట. చిరాకుకు బదులుగా దాన్ని వాడేవారున్నా, బహువచనంలో అది మనఃస్థితిని వదిలి ఆ స్థితికి కారణమైన చిక్కులనే చెబుతుంది. రాశిఫలాల్లో ‘చికాకులు తప్పవు’ అని రాసేది ఈ అర్థంలోనే.

ఈ విషయంలో తెలుగుకున్న అసలైన సంపద ధ్వన్యనుకరణ పదాలు. చిటపటలాడేవారి కోపం నిప్పురవ్వల వంటిది, చిన్నచిన్నగా, వెంటవెంటనే ఎగురుతుంది. కస్సుబుస్సులో పాము బుస ఉంది. అందులో బెదిరింపే గాని కాటు లేదు. రుసరుసలాడేవారు పూర్తి మాట పైకి అనకుండానే అక్కడి నుంచి వెళ్ళిపోతారు. ధుమధుమలు ఎక్కువగా ముఖానికి చెందినవి. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లక్షణం ఒకటుంది: ఇవి బయటి నుంచి చూసేవారి మాటలు. ‘నేను రుసరుసలాడుతున్నాను’ అని తన గురించి తాను చెప్పుకునేవారు అరుదు. అనుభవిస్తున్నవారు చిరాకు అంటారు, దాన్ని భరిస్తున్నవారు చిర్రుబుర్రు అంటారు. ఒకే ఘటనకు ఇంట్లో రెండు పేర్లు వినిపించడానికి కారణం ఇదే.

ఇక స్వభావం సంగతి. ఇట్టే కోపం తెచ్చుకునేవారు ముక్కోపులు. ‘ముక్కు మీద కోపం’ అనే పలుకుబడి వీరి గురించే పుట్టింది. కోపిష్ఠి అంతకంటే బరువైన మాట, అందులో నింద పాలు ఎక్కువ. మీరు వర్ణించిన మనిషికి ఈ రెండూ సరిగ్గా అతకవు, ఎందుకంటే కసురుకునేవారందరికీ పెద్ద కోపం ఉండదు. ‘చిర్రుబుర్రులాడే స్వభావం’ అనడమే నా దృష్టిలో సరైనది. అనారోగ్యంతోనో అలసటతోనో కొన్నాళ్ళు అలా మారినవారికి మాత్రం స్వభావవాచకం తగిలించకండి. ‘చిరాకుగా ఉంటున్నారు’ అంటే చాలు, అదే న్యాయం కూడా.

చివరి మూడు మాటలూ పర్యాయపదాలు కావు. ఆగ్రహానికి సంస్కృతంలో పట్టుదల అనే అర్థం ఉంది. సత్యాగ్రహంలో నిలిచినది అదే. తెలుగులో అది కోపమైనా పెద్దతనాన్ని వదులుకోలేదు, అందువల్లనే ప్రజాగ్రహం, దైవాగ్రహం అంటాం. రోషాన్ని సంస్కృత పర్యాయపద నిఘంటువైన అమరకోశం కోప క్రోధాల సరసనే చెప్పింది గాని, ‘నీకు రోషం లేదా?’ అని మనం అడిగేది ఆత్మాభిమానం గురించి. ఉక్రోషంలో కోపంతో పాటు నిస్సహాయత ఉంటుంది. ఆటలో ఓడిన పిల్లవాడికి, తప్పు చేయకుండానే మాట పడి బదులు చెప్పలేకపోయినవారికి వచ్చేది అదే. ‘ఉక్రోషం పట్టలేక ఏడ్చేసింది’ అనే వాక్యంలో ఆ మాట తీసి ఆగ్రహం అని పెట్టి చూడండి, వాక్యం నిలవదు.